రెండు తీరాల ఖండం: సహేల్, స్వాహిలీ ప్రాంతాల చారిత్రక మానవ భూగోళం

వ్యాససంగ్రహం:
ఆఫ్రికా ఖండాన్ని సహారా ఎడారికి ఉత్తరం, దక్షిణం అని రెండుగా విడదీసి చూడటం పాఠ్యపుస్తకాల్లోనూ పత్రికల్లోనూ స్థిరపడిన అలవాటు. ఈ విభజనలో ఎడారి ఒక గోడ. కాని ఆ ఎడారి దక్షిణపు అంచుకు వచ్చిన ‘సహేల్’ అనే పేరు, ఖండపు తూర్పు సముద్రపు అంచున నివసించేవారికీ వారి భాషకూ వచ్చిన ‘స్వాహిలీ’ అనే పేరు, రెండూ ‘తీరం’ అనే అర్థమున్న ఒకే అరబ్బీ పదం నుంచి ఏర్పడ్డాయి. ఈ రెండు తీరాలు ఎలా రూపొందాయి, వలసపాలన వాటి దిశను ఎలా మార్చింది, ఆ మార్పు నేటి రాజకీయ, ఆర్థిక జీవితంలో ఎలా కనిపిస్తోంది అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒక ప్రాంతం కేంద్రమా, అంచా అన్నది నేల స్వభావం కన్నా రాకపోకల చరిత్ర మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఆఫ్రికా, సహేల్, స్వాహిలీ, మానవ భూగోళశాస్త్రం, సహారా వాణిజ్యం, ఋతుపవనాలు, వలసపాలన, భూపరివేష్టిత దేశాలు.

1. ప్రవేశిక

ఆఫ్రికా వైశాల్యం సుమారు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు. ఐక్యరాజ్యసమితి సభ్యత్వం కలిగిన 54 దేశాలు ఇందులో ఉన్నాయి. ఇక్కడి భాషలు దాదాపు రెండు వేలు. జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో ఈ భాషలను ఆఫ్రో-ఏషియాటిక్, నైలో-సహారన్, నైజర్-కాంగో, ఖొయిసాన్ అనే నాలుగు వర్గాలుగా విభజించాడు. ఖొయిసాన్ ఒకే కుటుంబమన్న అభిప్రాయాన్ని తర్వాతి భాషావేత్తలు ఎక్కువమంది అంగీకరించలేదు. మడగాస్కర్‌లో మాట్లాడే మలగాసీ ఈ నాలుగింటిలో దేనికీ చెందదు. అది హిందూ మహాసముద్రం దాటి ఆగ్నేయాసియా దీవుల నుంచి వచ్చిన ఆస్ట్రోనేషియన్ భాష. ఇంతటి వైవిధ్యమున్న భూభాగాన్ని ఏ ప్రాతిపదికన ప్రాంతాలుగా విభజించాలన్నది మానవ భూగోళశాస్త్రంలో మౌలికమైన ప్రశ్న.

ఈ ప్రశ్నకు పాశ్చాత్య ప్రపంచం ఇచ్చిన సమాధానాల్లో ఒకటి దీర్ఘకాలం ప్రభావం చూపింది. జర్మన్ తత్త్వవేత్త హెగెల్ తన చరిత్ర తత్త్వశాస్త్ర ఉపన్యాసాల్లో ఆఫ్రికాను మూడు ముక్కలు చేశాడు. మధ్యధరా తీరాన్ని యూరప్ వైపుకూ, నైలు లోయను ఆసియా వైపుకూ జరిపాడు. సహారాకు దక్షిణాన మిగిలినదే ‘అసలైన ఆఫ్రికా’ అనీ, దానికి చరిత్ర లేదనీ తీర్పు చెప్పాడు. ఈ తీర్పును ఖండించే పరిశోధనలు ఇరవయ్యో శతాబ్దంలో విస్తారంగా వచ్చాయి. యునెస్కో 1964లో ప్రారంభించిన ఆఫ్రికా సమగ్ర చరిత్ర ప్రణాళిక తొలుత 8 సంపుటాలుగా వెలువడింది. మొదటి సంపుటానికి బుర్కినా ఫాసో చరిత్రకారుడు జోసెఫ్ కి-జెర్బో సంపాదకత్వం వహించాడు. హెగెల్ తీర్పు చెల్లకుండా పోయింది కాని అతడు గీసిన గీత మిగిలిపోయింది. సహారాను సరిహద్దు గోడగా భావించే ‘సబ్-సహారన్ ఆఫ్రికా’ అనే పదబంధం నేటికీ నివేదికల్లో, పాఠాల్లో ప్రశ్నించేవారు లేకుండానే వాడుకలో ఉంది. ఈ గీత ఎంతవరకు సమంజసమో తేల్చుకోవడానికి ఆ గీత మీదే ఉన్న సహేల్‌ను, దానికి జంటగా స్వాహిలీ తీరాన్ని పరిశీలించడం అవసరం.

2. ఒకే మాట, రెండు తీరాలు

అరబ్బీలో ‘సాహిల్’ అంటే ఒడ్డు. దాని బహువచనం ‘సవాహిల్’. ఉత్తరాఫ్రికా నుంచి ఒంటెల బిడారులతో బయలుదేరి, ఇసుకలో వారాల తరబడి నడిచిన వర్తకులకు దక్షిణాన గడ్డి, చెట్లు, నీరు కనిపించే చోటు ‘సాహిల్’ అయింది. అరేబియా నుంచి నావల్లో బయలుదేరిన వర్తకులకు ఆఫ్రికా తూర్పు అంచున కనిపించిన రేవుల వరుస ‘సవాహిల్’ అయింది. ఎడారిని సముద్రంగానూ, ఎడారి అంచును ఒడ్డుగానూ చూసిన ఈ నామకరణంలో దారి నడిచినవారి దృష్టి ఉంది. ఎడారి వారికి దాటవలసిన దూరమే తప్ప దాటరాని గోడ కాదు. తెలుగులో ‘రేవు’ అనే మాటకు కూడా నీటిలోకి దిగే చోటు, ఏరు దాటే చోటు, ఓడ ఆగే చోటు అనే అర్థాలున్నాయి. దారి ఆగిపోయే చోటును కాక, వాహనం మారే చోటును ఆ మాట సూచిస్తుంది. సహేల్, స్వాహిలీ పట్టణాలను ఈ అర్థంలో రేవులుగా గ్రహించాలి.

ఈ రెండు తీరాలనూ స్వయంగా చూసి వివరించిన యాత్రికుడు ఇబ్న్ బతూతా. మొరాకోలోని టాంజియర్‌లో పుట్టిన అతడు 1331 ప్రాంతంలో సముద్ర మార్గాన మొగడిషు, మొంబాసా, కిల్వా చేరాడు. కిల్వాను తాను చూసిన మిక్కిలి అందమైన పట్టణాల్లో ఒకటిగా పేర్కొన్నాడు. రెండు దశాబ్దాల తర్వాత, 1352లో, సిజిల్‌మాసా నుంచి బిడారుతో బయలుదేరి సుమారు రెండు నెలల్లో ఎడారి దాటి వలాటా చేరాడు. దారిలో తఘాజా అనే చోట ఇళ్లను ఉప్పు దిమ్మెలతో కట్టి, ఒంటె తోళ్లతో కప్పు వేసుకున్నారని రాశాడు. ఖండానికి రెండు వైపులా ఉన్న ఈ సమాజాల్లో అతనికి పరిచితమైన న్యాయశాస్త్రం, చదువు, వర్తక మర్యాద కనిపించాయి. ‘చరిత్ర లేని’ నేలగా తర్వాతి కాలంలో ముద్రపడిన ప్రాంతం పద్నాలుగో శతాబ్దపు యాత్రికునికి తెలిసిన ప్రపంచంలో భాగమే.

3. సహేల్: ఎడారి రేవులు

3.1 నేల, నీరు, జీవనం

పశ్చిమాన సెనెగల్ నుంచి తూర్పున ఎర్ర సముద్రం సమీపం వరకు 5,000 కిలోమీటర్లకు పైగా సాగిన పట్టీ సహేల్. ఏడాదికి స్థూలంగా 200 నుంచి 600 మిల్లీమీటర్ల వర్షం పడే ఈ నేలలో ఉత్తరానికి వెళ్లేకొద్దీ పశుపోషణ, దక్షిణానికి వచ్చేకొద్దీ వ్యవసాయం ప్రధానం. ట్వారెగ్‌లు, ఫులానీలు వంటి పశుపోషకులు వర్షాలతో పాటు ఉత్తరానికి, ఎండలతో పాటు దక్షిణానికి మందలను తోలుకెళ్తారు. కోతలు ముగిసిన పొలాల్లో మందలకు మేత, పొలాలకు ఎరువు లభించే పరస్పర ఒప్పందం మీద ఈ రెండు జీవనవిధానాలు శతాబ్దాలుగా నిలిచాయి. ఇక్కడ కదలిక జీవనాధారం.

ఈ పట్టీకి ప్రాణం నైజర్ నది. గినీ ఎత్తైన ప్రాంతాల్లో అట్లాంటిక్ సముద్రానికి 240 కిలోమీటర్ల దూరంలోనే పుట్టినా ఈ నది సముద్రం వైపు పోదు. ఈశాన్యంగా ఎడారి వైపు ప్రవహించి, తింబక్తు దగ్గర ఎడారిని తాకి, పెద్ద ఒంపు తిరిగి, సుమారు 4,180 కిలోమీటర్ల ప్రయాణం తర్వాత నేటి నైజీరియాలో సముద్రాన్ని చేరుతుంది. ఒంటె ఆగి, పడవ మొదలయ్యే చోటు ఈ ఒంపు.

3.2 వర్తకానికి ముందే పట్టణం

సహేల్ పట్టణాలు అరబ్బు వర్తకుల రాకతోనే పుట్టాయని వలసకాలపు చరిత్రకారులు భావించారు. 1977లో మాలిలోని జెన్నె-జెనో వద్ద రోడరిక్ మకింటాష్, సుసాన్ మకింటాష్ ప్రారంభించిన తవ్వకాలు ఈ అభిప్రాయాన్ని మార్చాయి. క్రీ.పూ. మూడో శతాబ్దం నాటికే అక్కడ జనావాసం ఏర్పడి, క్రమంగా పట్టణంగా పెరిగిందని తేలింది. వరద మైదానపు ధాన్యం, ఎండుచేప, దూరం నుంచి వచ్చిన ఇనుము, రాగి మధ్య జరిగిన స్థానిక వినిమయమే ఆ పట్టణానికి పునాది. సహారా దాటిన వర్తకం అప్పటికే ఉన్న అల్లికకు వచ్చి చేరింది.

3.3 ఉప్పు, బంగారం, విద్య

ఎడారి గనుల ఉప్పు దక్షిణానికి, బంబుక్, బురే ప్రాంతాల బంగారం ఉత్తరానికి సాగడం ఈ వర్తకపు ప్రధాన స్వరూపం. దక్షిణాన తేమ పెరిగే చోట త్సెత్సె ఈగ వ్యాపింపజేసే వ్యాధి వల్ల ఒంటెలు, గుర్రాలు బతకవు. అందువల్ల ఎడారి వాహనం సహేల్‌లోనే ఆగిపోవాలి. సరుకు అక్కడ పడవకో, గాడిదకో, మనిషి తలకో మారాలి. ఈ అనివార్యమైన మార్పిడి మీద పన్ను వసూలు చేసే అధికారమే వాగాడు (ఘనా), మాలి, సొంఘాయ్ రాజ్యాలకు బలమైంది. పదమూడో శతాబ్దంలో సుండియాటా కీటా స్థాపించిన మాలి రాజ్యం మన్సా మూసా కాలానికి ఉచ్చదశ చేరింది. 1324లో హజ్ యాత్రకు వెళుతూ అతడు కైరోలో పంచిన బంగారం వల్ల అక్కడ బంగారం విలువ పడిపోయిందని అల్ ఉమరీ నమోదు చేశాడు. 1375 నాటి కాటలాన్ పటంలో బంగారపు ముద్దను చేతబట్టిన ఆ రాజు బొమ్మ ఉంది. తింబక్తులో వర్తకంతో పాటు విద్య కూడా స్థిరపడింది. న్యాయం, ఖగోళం, వైద్యం, వ్యాకరణం విషయాలుగా కుటుంబాలు తరతరాలుగా కాపాడుకున్న రాతప్రతులు అందుకు సాక్ష్యం. 1591లో మొరాకో సైన్యం తుపాకులతో ఎడారి దాటివచ్చి తొండిబి వద్ద సొంఘాయ్‌ను ఓడించింది. ఎడారి సైన్యాలకూ దారి ఇచ్చిందన్న విషయాన్ని ఈ ఘటన గుర్తుచేస్తుంది.

4. స్వాహిలీ: గాలి కట్టిన తీరం

4.1 ఋతువుల లెక్క

సోమాలియా దక్షిణ భాగం నుంచి మొజాంబిక్ వరకు విస్తరించిన తూర్పు తీరానికి ఋతుపవనాలే రహదారి. నవంబరు నుంచి మార్చి వరకు వీచే ఈశాన్య పవనాలు అరేబియా, భారతదేశాల నుంచి నావలను ఈ తీరానికి చేర్చేవి. ఏప్రిల్ తర్వాత నైరుతి పవనాలు వాటిని వెనక్కి పంపేవి. గాలి మారేవరకు వర్తకులు రేవుల్లో నెలల తరబడి ఆగవలసివచ్చేది. ఈ ఆగడం వల్ల పెళ్లిళ్లు, బంధుత్వాలు, మాటల మార్పిడి జరిగాయి. ఈ తీరపు వర్తకాన్ని ఒకటో శతాబ్దపు గ్రీకు నావికగ్రంథం ‘పెరిప్లస్’ అప్పటికే ప్రస్తావించింది.

4.2 ఎవరి తీరం?

ఇక్కడి పగడపు రాతి మసీదులను, ఇళ్లను చూసిన తొలి పురావస్తువేత్తలు వీటిని పారసీకుల, అరబ్బుల వలస పట్టణాలుగా నిర్ధారించారు. లాము ద్వీపసమూహంలోని షాంగాలో మార్క్ హార్టన్ జరిపిన తవ్వకాల్లో ఎనిమిదో శతాబ్దపు చిన్న కొయ్య మసీదు, దాని చుట్టూ స్థానిక సంప్రదాయపు మట్టిపాత్రలు బయటపడ్డాయి. పట్టణాలకు పునాది వేసినవారు ఆఫ్రికా ప్రజలేననీ, సముద్రాంతర సంబంధాలు ఆ పునాది మీద పెరిగాయనీ దీనితో స్పష్టమైంది. మధ్యయుగపు సమాధుల్లోని ఎముకల జన్యుపరిశీలన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. సుమారు క్రీ.శ. 1000 నుంచి ఆఫ్రికన్, పారసీక వంశాలు ఇక్కడ కలిశాయనీ, ఆఫ్రికన్ వారసత్వం ప్రధానంగా తల్లుల వైపు నుంచి వచ్చిందనీ ఆ ఫలితాలు చూపాయి. స్వాహిలీ భాష చెప్పేదీ ఇదే. దాని వ్యాకరణం బంటూ భాషలది. పదసంపదలో గణనీయమైన భాగం అరబ్బీది. బండికి ‘గారి’, నూరు వేలకు ‘లకి’, ఇంకా ‘చపాతి’ వంటి భారతీయ పదాలూ అందులో స్థిరపడ్డాయి.

4.3 లోతట్టుతో సంబంధం

రేవు సముద్రం మీద మాత్రమే బతకదు. కిల్వా సంపదకు మూలం సోఫాలా రేవు ద్వారా వచ్చిన లోతట్టు బంగారం. ఆ బంగారపు వర్తకంతో ముడిపడిన గ్రేట్ జింబాబ్వే శిథిలాల్లో కిల్వా నాణెం, చైనా పింగాణీ, గాజుపూసలు దొరికాయి. సున్నం లేకుండా రాళ్లు పేర్చి కట్టిన ఆ మహా ప్రాకారాలను స్థానిక షోనా ప్రజల పూర్వికులు కట్టలేరని వలసపాలకులు చాలాకాలం వాదించారు. ఆ వాదాన్ని పురావస్తు పరిశోధన తోసిపుచ్చింది. 1980లో స్వతంత్రమైన దేశం ఆ శిథిలాల పేరునే తన పేరుగా స్వీకరించింది.

5. తీరాలు దాటిన మనుషులు, పంటలు

రెండు తీరాల సంపదను వర్ణించేటప్పుడు అక్కడ మనుషులు కూడా సరుకయ్యారన్న నిజాన్ని విస్మరించకూడదు. సహారా దాటిన బిడారుల్లో బానిసలు ఉన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో ఒమాన్ సుల్తానుల ఏలుబడిలోని జాంజిబార్, లవంగ తోటలకూ బానిసల సంతకూ పేరుపడింది. ఆ సంత 1873లో మూతపడింది. హిందూ మహాసముద్రం దాటించబడినవారిలో కొందరు దక్కన్ చరిత్రలో నిలిచారు. ఇథియోపియాలో పుట్టి బానిసగా అమ్ముడుపోయిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యానికి ప్రధాన అండగా ఎదిగి 1626లో మరణించాడు. హైదరాబాదులోని ‘ఏసీ గార్డ్స్’ అనే పేట పేరులో నిజాముల ఆఫ్రికన్ అశ్వదళం జ్ఞాపకం ఉంది.

మనుషుల కన్నా ముందే పంటలు ఈ దారి పట్టాయి. తూర్పు సూడాన్‌లో సుమారు 5,000 ఏళ్ల కిందటే జొన్నను సాగుకు తెచ్చుకుంటున్న దశకు ఆధారాలు దొరికాయి. మాలిలోని తిలెమ్సీ లోయలో సుమారు 4,500 ఏళ్ల నాటి సాగు సజ్జ గింజల గుర్తులు లభించాయి. రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తైన ప్రాంతాల పంట. తెలంగాణ జొన్నరొట్టెకూ, రాయలసీమ రాగిసంగటికీ మూలమైన గింజలు ఆఫ్రికా రైతులు మలిచినవే. ‘ఒంటరి ఖండం’ అనే భావనకు ఈ పంటల ప్రయాణమే సమాధానం.

6. దిశ మారిన తీరాలు

1884 నవంబరు 15 నుంచి 1885 ఫిబ్రవరి 26 వరకు జరిగిన బెర్లిన్ సమావేశంలో ఆఫ్రికా ప్రతినిధి ఒక్కరూ లేరు. సరిహద్దులన్నీ ఆ బల్ల మీదే గీయలేదు కాని ఆక్రమణకు నియమాలు అక్కడ రూపొందాయి. తర్వాతి దశాబ్దాల్లో ఒప్పందాలు, యుద్ధాలు ఆ పని పూర్తిచేశాయి. సరిహద్దు గీతల గురించి చర్చ విస్తృతంగా జరిగింది. వాటితో పాటు దారుల దిశ మారిన తీరు కూడా అంతే గమనార్హం.

పశ్చిమాఫ్రికాలో వేరుశనగ, కోకో వంటి ఎగుమతి పంటల కోసం రైలుమార్గాలు అట్లాంటిక్ రేవుల నుంచి లోపలికి సాగాయి. 1902 నుంచి ఫ్రెంచి పశ్చిమాఫ్రికాకు రాజధాని డాకర్. డాకర్–నైజర్ రైలుమార్గం 1920లలో పూర్తయింది. ఉత్తరాభిముఖమైన సహేల్ ఈ దారులతో దక్షిణ, పశ్చిమ సముద్రతీరాలకు పెరడుగా మారింది. ఇందుకు ప్రబల నిదర్శనం అప్పర్ వోల్టా, అంటే నేటి బుర్కినా ఫాసో. ఫ్రెంచి ప్రభుత్వం 1932లో ఆ వలసరాజ్యాన్నే రద్దుచేసి, ఐవరీ కోస్ట్, నైజర్, ఫ్రెంచి సూడాన్‌లకు పంచింది. పెద్ద భాగం ఐవరీ కోస్ట్‌కు దక్కింది. అక్కడి తోటలకు కూలీలు అవసరం. 1947లో ఆ భూభాగం తిరిగి ఏర్పడేనాటికి ఉత్తరం నుంచి దక్షిణానికి కూలి వలస స్థిరపడిపోయింది.

తూర్పున మార్పు ఇందుకు విపర్యయంగా జరిగింది. 1886లో బ్రిటన్, జర్మనీ కుదుర్చుకున్న ఒప్పందం జాంజిబార్ సుల్తాను ప్రధాన భూభాగపు అధికారాన్ని పది మైళ్ల వెడల్పున్న తీరపు పట్టీకి కుదించింది. 1896లో మొంబాసా నుంచి మొదలైన రైలుమార్గం 1901లో విక్టోరియా సరస్సు చేరింది. దాని నిర్మాణానికి సుమారు 32,000 మంది భారతీయ కూలీలను, అధికంగా పంజాబు నుంచి, తీసుకువెళ్లారు. రైలు డిపోగా 1899లో మొదలైన నైరోబీ కొద్ది ఏళ్లలోనే రాజధాని అయింది. పశ్చిమాన కేంద్రం లోతట్టు నుంచి సముద్రానికి జరిగితే, కెన్యాలో సముద్రం నుంచి లోతట్టుకు జరిగింది. రెండు చోట్లా పాత ‘తీరం’ అంచుగా మారింది.

7. స్వాతంత్ర్యానంతర స్థితి

నేడు ఆఫ్రికాలో 16 భూపరివేష్టిత దేశాలున్నాయి. వాటిలో మాలి, బుర్కినా ఫాసో, నైజర్, చాద్ సహేల్‌లోనివి. ‘ఒడ్డు’ అని పేరున్న నేల ఒడ్డులేని నేలగా వర్గీకరణ పొందడం గత శతాబ్దపు పరిణామం. దాని పర్యవసానం స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే కనిపించింది. 1960 ఆగస్టులో సెనెగల్, మాలిల సమాఖ్య విచ్ఛిన్నమైనప్పుడు సరిహద్దు మూతపడి డాకర్–బమాకో రైలు 1963 వరకు ఆగిపోయింది. 1964లో కైరోలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ, స్వాతంత్ర్యం నాటి సరిహద్దులను గౌరవించాలని తీర్మానించింది. యుద్ధాలను నివారించే ఉద్దేశంతో చేసిన ఆ తీర్మానం పశుపోషకుల దారులకు అడ్డుగా ఉన్న గీతలనూ స్థిరపరిచింది. 1968–73 కరువులో దక్షిణానికి కదలవలసిన మందలకు దారుల్లో సరిహద్దులు, విస్తరించిన సాగుభూములు ఎదురయ్యాయి. 1960లలో సుమారు 25,000 చదరపు కిలోమీటర్లున్న చాద్ సరస్సు 1980లకు పదో వంతు కన్నా తక్కువకు కుంచించుకుపోయింది.

1979లో పశ్చిమాఫ్రికా ఆర్థిక కూటమి స్వేచ్ఛా సంచార ఒడంబడిక పాత రాకపోకలకు చట్టబద్ధత కల్పించింది. అయితే 2012లో ఉత్తర మాలి సాయుధ దళాల చేతిలోకి వెళ్లింది. తింబక్తు సమాధి మందిరాలు ధ్వంసమయ్యాయి. రాతప్రతులను నగరవాసులు రహస్యంగా బమాకోకు తరలించారు. వరుస సైనిక తిరుగుబాట్ల తర్వాత మాలి, బుర్కినా ఫాసో, నైజర్ 2023లో వేరే కూటమిగా ఏర్పడి, 2025 జనవరిలో ఆర్థిక కూటమి నుంచి వైదొలగాయి. సముద్రం లేని మూడు దేశాలు సముద్రమున్న పొరుగువారితో తెగతెంపులు చేసుకోవడం వల్ల రేవు అందుబాటు అనే పాత సమస్య మళ్లీ ముందుకు వచ్చింది.

స్వాహిలీ తీరపు గతి కొంత భిన్నం. రేవులు ప్రాధాన్యం కోల్పోయినా భాష లోతట్టుకు నడిచింది. పందొమ్మిదో శతాబ్దపు బిడారులు, ఆపైన వలసపాలకుల కార్యాలయాలు దానిని వ్యాపింపజేశాయి. 1928లో జాంజిబార్ మాండలికం ప్రమాణభాషకు ఆధారంగా ఎంపికైంది. స్వతంత్ర టాంజానియాలో జూలియస్ న్యెరేరే దానిని జాతీయ జీవనానికి భాషగా నిలిపాడు. జులై 7ను ప్రపంచ స్వాహిలీ భాషా దినంగా 2021లో యునెస్కో ప్రకటించింది. తీరం కుంచించుకుపోయినా తీరపు మాట ఖండాన్ని కలిపే సాధనమైంది. సహేల్‌లో హౌసా, ఫుల్‌ఫుల్దె, బంబారా సంతల్లో ఆ పనే చేస్తున్నా వాటికి రాజ్యం నుంచి అంతటి అండ దక్కలేదు. మాలి 2023 రాజ్యాంగంలో దేశీయ భాషలకు అధికారభాషా హోదా ఇచ్చి ఫ్రెంచిని కార్యాలయ భాష స్థాయికి తగ్గించింది. ఈ దిశలో అది ఇటీవలి అడుగు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ కింది అంశాలు స్పష్టమవుతున్నాయి.

(అ) సహారా, హిందూ మహాసముద్రం ఆఫ్రికాను వేరుచేసిన ఆటంకాలు కావు. వాటి అంచుల్లో ఏర్పడిన సమాజాలు తమ నేల పేరులోనే రాకపోకలను నిలుపుకున్నాయి. కాబట్టి ఎడారిని గోడగా భావించే విభజనను బోధనలో యథాతథంగా స్వీకరించడం చారిత్రకంగా సరికాదు.

(ఆ) జెన్నె-జెనో, షాంగా, గ్రేట్ జింబాబ్వే మూడూ పట్టణ నాగరికతకు స్థానిక పునాదులను చూపుతున్నాయి. బయటి సంబంధాలు ఆ పునాదులను విస్తరింపజేశాయి.

(ఇ) సహేల్ నేటి పేదరికానికి వర్షాభావాన్ని మాత్రమే కారణంగా చూపడం అసంపూర్ణం. అదే వర్షపాతంలో అక్కడ రాజ్యాలు, విద్యాకేంద్రాలు వర్ధిల్లాయి. దారుల దిశ మారడం, కదలికకు సరిహద్దులు అడ్డుపడటం కూడా కారణాలే.

(ఈ) 2018లో కిగాలీలో కుదిరిన ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం వంటి ప్రయత్నాలను కొత్త ఆవిష్కరణలుగా మాత్రమే చూడకూడదు. తెగిన పాత దారులను అతికే పనిగా కూడా వాటిని అంచనా వేయవలసి ఉంది.

నేల మారకపోయినా ఒక తరంలో ఒడ్డుగా ఉన్నది మరొక తరానికి మారుమూల కావచ్చునని ఈ రెండు తీరాల చరిత్ర తెలియజేస్తోంది. మారుమూల అయినది తిరిగి ఒడ్డు కావడం కూడా మనుషుల నిర్ణయాల మీదే ఆధారపడి ఉంది.